జీతం తేదీ మారితే సాయం తారుమారు

బ్రిటన్‌లో శ్రామిక కుటుంబాలను చిక్కుల్లోకి నెట్టిన 'యూనివర్సల్ క్రెడిట్' లెక్కలు

నెల జీతం ఒకటి రెండు రోజులు ముందుగా చేతికందితే ఎవరికైనా ఊరటే. బ్రిటన్‌లో చిన్న జీతాలతో, ప్రభుత్వ సాయంతో ఇల్లు గడుపుకొనే కుటుంబాలకు మాత్రం ఇదే పెద్ద చిక్కుగా పరిణమించింది. ఒకటో తేదీ ఆదివారం వస్తే యజమాని అంతకుముందు శుక్రవారమే జీతం జమచేస్తాడు. అప్పుడు ఆ కుటుంబం ఒకే నెలలో రెండు జీతాలు సంపాదించినట్లు ప్రభుత్వ కంప్యూటరు లెక్కగట్టేది. ఆ నెల సాయం సగానికి పైగా తగ్గిపోయేది, ఒక్కోసారి సున్నాకు చేరేది. పని గంటలు పెరగకపోయినా, జీతం పెరగకపోయినా, కేవలం క్యాలెండరులో తేదీ మారినందుకే ఈ నష్టం వాటిల్లేది.

ఈ విధానం హేతుబద్ధంగా లేదని 2020లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. అదే ఏడాది నిబంధనలు సవరించారు. అయితే ఆ సవరణ నెలజీతగాళ్లకు మాత్రమే వర్తిస్తుంది. వారానికోసారి, పక్షానికోసారి, నాలుగు వారాలకోసారి జీతం తీసుకొనేవారి సాయం హెచ్చుతగ్గులకు గురికావడం ఆగలేదు. సంక్షేమ పథకాన్ని ఆదాయంతో ముడిపెట్టేటప్పుడు ఆ ఆదాయాన్ని ఏ గడువులో కొలవాలన్న ప్రశ్న ఎంత కీలకమో ఈ ఉదంతం తెలియజేస్తోంది.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఈ తేడా సులభంగా బోధపడేందుకు మన పింఛన్ల ఉదాహరణ ఉపకరిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 సెప్టెంబరు 1 ఆదివారం కావడంతో ఎన్టీఆర్ భరోసా పింఛన్లను ఆగస్టు 31నే పంపిణీ చేశారు. వృద్ధులకు ఇచ్చే 4000 రూపాయల మొత్తంలో ఒక్క రూపాయి కూడా తేడా రాలేదు. ఆ పింఛను ముందుగా నిర్ణయించిన మొత్తం కావడమే ఇందుకు కారణం. బ్రిటన్ సాయం అలాంటిది కాదు. కుటుంబానికి ఆ నెలలో అందిన జీతాన్ని బట్టి ప్రతి నెలా దాన్ని కొత్తగా లెక్కిస్తారు. అందువల్లనే జీతం తేదీ జరిగితే సాయం మొత్తమూ మారిపోతుంది.

ఆరు పథకాలు ఒకటిగా

బ్రిటన్‌లో 2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం ద్వారా యూనివర్సల్ క్రెడిట్ రూపుదిద్దుకొంది. నాటి పని, పింఛన్ల శాఖ మంత్రి ఇయాన్ డంకన్ స్మిత్ ఈ సంస్కరణకు సారథ్యం వహించారు. 2013 ఏప్రిల్‌లో యాష్టన్ అండర్ లైన్ పట్టణంలో తొలిసారిగా అమలు ప్రారంభమైంది. అంతకుముందు విడివిడిగా ఉన్న ఆరు సాయాలను ఇందులో కలిపివేశారు. నిరుద్యోగులకు, అనారోగ్యంతో పనిచేయలేనివారికి, ఇతర పేదలకు ఆదాయం ఆధారంగా ఇచ్చే మూడు భృతులు, ఇంటి అద్దె సాయం, పిల్లల పన్ను క్రెడిట్, శ్రామికుల పన్ను క్రెడిట్ వాటిలో ఉన్నాయి.

ఈ పథకం ఉద్యోగం లేనివారికే పరిమితం కాదు. 2025 నాటికి సాయం పొందుతున్నవారిలో సుమారు మూడింట ఒక వంతు మంది ఏదో ఒక ఉద్యోగం చేస్తున్నవారే. పాఠశాల వంటశాలల సిబ్బంది, దుకాణాల సహాయకులు, వృద్ధుల సంరక్షకులు, పారిశుద్ధ్య సిబ్బంది వంటి చిరుద్యోగులు తమ జీతానికి తోడుగా దీనిపై ఆధారపడతారు.

పాత పన్ను క్రెడిట్లను ఏడాది మొత్తం ఆదాయంపై లెక్కించేవారు. జీతం ఏ తేదీన పడిందన్నది అందులో ప్రధానం కాదు. అయితే ఏడాది చివర అంచనా తప్పితే ఎక్కువగా ఇచ్చిన సొమ్మును తిరిగి వసూలు చేసేవారు. పేద కుటుంబాలు ఉన్నట్టుండి బాకీదారులుగా మారేవి. ఆ లోపాన్ని తొలగించేందుకు ఏ నెల ఆదాయానికి ఆ నెల సాయం అన్న పద్ధతిని కొత్త పథకంలో ప్రవేశపెట్టారు. అందరూ నెలజీతగాళ్లేనన్న ఊహపై ఈ పద్ధతి నిలిచింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

లెక్క ఎలా కడతారు

దరఖాస్తుదారుడికి అర్హత లభించిన తేదీ నుంచి ఒక నెలను 'మదింపు కాలం'గా పరిగణిస్తారు. పదిహేనో తేదీన అర్హత మొదలైతే ప్రతి నెలా పదిహేను నుంచి మరుసటి నెల పద్నాలుగు వరకు ఆ కుటుంబానికి మదింపు కాలం. అది ముగిసిన తర్వాత వారం రోజులకు సాయం బ్యాంకు ఖాతాలో జమవుతుంది. కాబట్టి తొలి చెల్లింపునకు సుమారు ఐదు వారాలు వేచి ఉండక తప్పదు. ఈలోగా అడ్వాన్సు తీసుకొనే వీలుంది కానీ, అది తర్వాతి చెల్లింపుల్లోంచి కోసుకొనే అప్పు మాత్రమే.

యజమానులు జీతం ఇచ్చిన ప్రతిసారీ ఆ వివరాలను పన్నుల శాఖకు ఎలక్ట్రానిక్ విధానంలో తెలపాలి. ఈ సమాచారం అక్కడి నుంచి పని, పింఛన్ల శాఖకు వెళుతుంది. మదింపు కాలంలో ఎంత జీతం అందిందో కంప్యూటరు దాన్నుంచే తెలుసుకొంటుంది. ఆ జీతం ఏ నెల పనికి సంబంధించినదన్నది లెక్కలోకి రాదు. డబ్బు ఏ తేదీన చెల్లించారన్నదే కొలమానం.

కుటుంబ అవసరాలను బట్టి ముందుగా గరిష్ఠ సాయాన్ని నిర్ణయిస్తారు. పిల్లలున్నవారికి, అనారోగ్యం వల్ల పని సామర్థ్యం తగ్గినవారికి జీతంలో కొంత భాగాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తారు. దీన్ని పని మినహాయింపు అనవచ్చు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో అద్దె సాయం పొందేవారికి ఇది నెలకు 411 పౌండ్లు, పొందనివారికి 684 పౌండ్లు. మినహాయింపు పోగా మిగిలిన ప్రతి పౌండు జీతానికి సాయంలో 55 పెన్నీల వంతున కోత పడుతుంది. ఈ కోత రేటు మొదట 65 శాతం ఉండేది. 2017లో 63 శాతానికి, 2021 చివర్లో 55 శాతానికి తగ్గించారు.

ఒక కుటుంబం లెక్క

ఒక ఒంటరి తల్లి, 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన ఒక బిడ్డ ఉన్న కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొందాం. 2025-26 రేట్ల ప్రకారం తల్లికి 400.14 పౌండ్లు, బిడ్డకు 292.81 పౌండ్లు వస్తాయి. ఇంటి అద్దె సాయం 600 పౌండ్లు అనుకొంటే గరిష్ఠ సాయం 1292.95 పౌండ్లు అవుతుంది. పన్నులు పోగా ఆమె చేతికందే నెల జీతం 1400 పౌండ్లు అనుకొందాం.

మామూలు నెలలో 1400 నుంచి 411 పౌండ్ల మినహాయింపు తీసివేస్తే 989 మిగులుతాయి. అందులో 55 శాతం, అంటే 543.95 పౌండ్లు సాయంలో కోత పడుతుంది. ఆమెకు 749 పౌండ్లు అందుతాయి.

ఇప్పుడు జీతం తేదీ ఒకటో తారీఖు, మదింపు కాలం ఒకటి నుంచి నెలాఖరు వరకు అనుకొందాం. 2025 మే 1 గురువారం నాడు జీతం యథావిధిగా పడింది. జూన్ 1 ఆదివారం కావడంతో ఆ జీతం మే 30 శుక్రవారమే వచ్చింది. తర్వాతి జీతం జులై 1న. అంటే మేలో రెండు జీతాలు, జూన్‌లో ఒక్కటీ లేదు.

దీన్ని సరిదిద్దకుండా ఉన్నదున్నట్లు లెక్కగడితే మే నెల జీతం 2800 పౌండ్లు. మినహాయింపు పోగా 2389 పౌండ్లపై కోత 1313.95 పౌండ్లు. ఇది గరిష్ఠ సాయాన్నే మించిపోయింది కాబట్టి మే నెలకు వచ్చే సాయం సున్నా. జూన్‌లో జీతమే లేదు కనుక పూర్తి సాయం 1292.95 పౌండ్లు వస్తుంది. మామూలుగా అయితే రెండు నెలలకు కలిపి 1498 పౌండ్లు రావాలి. అంటే 205.05 పౌండ్లు శాశ్వతంగా పోయినట్లే.

ఎందుకు పోయిందన్నది ఇక్కడ గమనించదగిన అంశం. పని మినహాయింపు నెలకొకసారి వర్తిస్తుంది. రెండు జీతాలు ఒకే నెలలో పడితే ఒక్క మినహాయింపే దక్కుతుంది. జీతం లేని మరుసటి నెలలో మినహాయింపు ఉన్నా దేనిలోంచి తీసివేయాలో ఉండదు. దాన్ని వెనక్కి సర్దే పద్ధతి లేదు.

ఏడాదిలో ఇది ఒకసారి జరిగే ముచ్చట కాదు. పైన చెప్పిన తేదీల ప్రకారం 2025లో మే, అక్టోబరు, డిసెంబరు నెలల్లో రెండేసి జీతాలు పడతాయి. మార్చి, జూన్, నవంబరు నెలల్లో ఒక్కటీ పడదు. నవంబరు 1 శనివారం కావడం, జనవరి 1 సెలవు కావడం ఇందుకు కారణం. జీతం తేదీ పదిహేను, మదింపు కాలం ఒకటి నుంచి నెలాఖరు వరకు ఉన్న పొరుగింటి కుటుంబానికి మాత్రం ఇలాంటి బాధ ఏమీ ఉండదు. ఇద్దరి పనీ ఒకటే, జీతమూ ఒకటే. జీతం ఏ తేదీన పడుతుందన్న ఒక్క విషయమే వారి మధ్య తేడా.

కోర్టుకెక్కిన నలుగురు తల్లులు

ఈ నష్టాన్ని సవాలు చేస్తూ ఉద్యోగాలు చేసుకొంటున్న నలుగురు ఒంటరి తల్లులు కోర్టును ఆశ్రయించారు. వారందరూ నెలజీతగాళ్లే. వారాంతాలు, బ్యాంకు సెలవుల వల్ల జీతం తేదీ ముందుకు జరిగి ఒకే మదింపు కాలంలో రెండు జీతాలు నమోదైనవారే. పేద పిల్లల తరఫున పనిచేసే చైల్డ్ పావర్టీ యాక్షన్ గ్రూప్, లీ డే న్యాయవాద సంస్థ వారి పక్షాన నిలిచాయి.

2019 జనవరిలో లండన్ హైకోర్టు వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వ శాఖ నిబంధనను తప్పుగా అన్వయిస్తోందని పేర్కొంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. 2020 జూన్ 22న అప్పీలు కోర్టు తుది ఫలితాన్ని మార్చలేదు కానీ కారణాన్ని మార్చింది. నిబంధన పాఠాన్ని శాఖ చదివిన తీరు సరైనదేనని, అయితే ఇలాంటి కుటుంబాలకు ఎలాంటి మినహాయింపూ కల్పించకుండా నిబంధనలు రూపొందించడమే హేతువిరుద్ధమని తేల్చింది. ప్రధాన తీర్పును న్యాయమూర్తి వివియన్ రోజ్ రాశారు.

విధాన నిర్ణయాల్లో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. సంక్షేమ పథకాల రూపకల్పనలో ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదని, గీతకు అవతల పడినవారికి నష్టం జరిగినంత మాత్రాన అది చట్టవిరుద్ధం కాదని బ్రిటన్ న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. ఆ నేపథ్యంలో ఈ తీర్పు అరుదైనదిగా నిలిచింది. ఈ నష్టం ఏ విధాన లక్ష్యాన్నీ నెరవేర్చడం లేదన్నది కోర్టు తర్కంలో ముఖ్యమైనది. పనిచేసేవారిని ప్రోత్సహించాలన్నది పథకం ఆశయం. జీతం తేదీని చూసి ఉద్యోగం ఎంచుకోవలసిన పరిస్థితి కల్పించడం ఆ ఆశయానికే విరుద్ధం. ప్రభుత్వం దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లలేదు.

2020 నవంబరు సవరణ

తీర్పు దరిమిలా తెచ్చిన సవరణ 2020 నవంబరు 16 నుంచి అమల్లోకి వచ్చింది. నెలకోసారి జీతం తీసుకొనేవారికి ఒకే మదింపు కాలంలో రెండు జీతాలు నమోదైతే, వాటిలో ఒకదాన్ని ముందటి లేదా తర్వాతి మదింపు కాలానికి మార్చే అధికారం పని, పింఛన్ల శాఖకు దఖలుపడింది. పై ఉదాహరణలో మే 30న పడిన జీతాన్ని జూన్ ఖాతాలో వేస్తే ఆ తల్లికి రెండు నెలలూ 749 పౌండ్ల చొప్పున అందుతాయి.

తన ఖాతాలో తేదీలు తారుమారయ్యాయని గమనించిన కుటుంబం శాఖకు తెలియజేసి దిద్దుబాటు కోరవచ్చు. అయితే ఇది నెలజీతగాళ్లకు మాత్రమే. ఇతర పద్ధతుల్లో జీతం తీసుకొనేవారు ఈ సవరణ పరిధిలోకి రారు.

నాలుగు వారాల జీతం

బ్రిటన్‌లో పలు సంస్థలు నెలకు కాకుండా నాలుగు వారాలకోసారి జీతం ఇస్తాయి. ఏడాదికి 52 వారాలు కనుక వీరికి 13 జీతాలు వస్తాయి. మదింపు కాలాలు మాత్రం 12. కాబట్టి ఏడాదిలో ఒకసారి ఒకే మదింపు కాలంలో రెండు జీతాలు పడక తప్పదు.

ముందటి ఉదాహరణలోని తల్లికి అదే వార్షిక జీతాన్ని 13 భాగాలుగా ఇస్తే ఒక్కో జీతం 1292.31 పౌండ్లు. 11 నెలల పాటు ఆమెకు 808.23 పౌండ్ల చొప్పున సాయం అందుతుంది. రెండు జీతాలు పడిన నెలలో అది 97.46 పౌండ్లకు పడిపోతుంది. ఏడాది మొత్తం కూడితే 8987.99 పౌండ్లు. నెలజీతం తీసుకొన్నా ఆమెకు వచ్చేది 8988 పౌండ్లే. ఏడాది లెక్కలో తేడా ఒక్క పెన్నీ మాత్రమే.

దీన్నిబట్టి చూస్తే ఈ కుటుంబానికి వాస్తవ నష్టం లేదు. ప్రతి మదింపు కాలంలోనూ కనీసం ఒక జీతం ఉంది కనుక పని మినహాయింపు వృథా కాలేదు. అయినా ఇబ్బంది తక్కువేమీ కాదు. మదింపు కాలం ముగిశాక సాయం వస్తుంది. రెండో జీతం చేతికొచ్చి, ఖర్చయిపోయిన తర్వాత 97 పౌండ్ల నెల ఎదురవుతుంది. ఇంటి అద్దె మాత్రం ఎప్పటిలాగే కట్టాలి. అదనపు జీతం వచ్చిన నెలలోనే కొంత దాచిపెట్టుకోవాలన్న సంగతి ముందుగా తెలియనివారు అప్పుల పాలవుతారు.   సాయం సున్నాకు చేరే స్థాయి కన్నా ఆదాయం 2500 పౌండ్లకు మించి ఎక్కువైతే ఆ అదనాన్ని తర్వాతి నెలలకు మోసుకెళ్లే నిబంధన కూడా 2018 నుంచి ఉంది.

వారం, పక్షం జీతాలు

వారానికోసారి జీతం తీసుకొనేవారికి ఎనిమిది మదింపు కాలాల్లో నాలుగేసి, నాలుగింటిలో ఐదేసి జీతాలు పడతాయి. పక్షానికోసారి తీసుకొనేవారికి పది కాలాల్లో రెండేసి, రెండింటిలో మూడేసి వస్తాయి. ఐదు జీతాలు పడిన నెలలో సాయం తగ్గుతుంది, నాలుగు పడిన నెలలో పెరుగుతుంది. హెచ్చుతగ్గులు నాలుగు వారాల జీతగాళ్లంత తీవ్రంగా ఉండవు కానీ, ఏ నెలలో ఎంత వస్తుందో కుటుంబం నిశ్చయంగా చెప్పుకోలేదు.

పని గంటలే స్థిరంగా లేనివారి పరిస్థితి మరింత క్లిష్టం. పండుగ సీజనులో ఎక్కువ గంటలు పనిచేసిన నెలకు సంబంధించిన కోత, గంటలు తగ్గిన మరుసటి నెలలో చేతికందే సాయంపై పడుతుంది.

గరిష్ఠ పరిమితి చిక్కు

ఒక కుటుంబానికి అందే మొత్తం సాయంపై బ్రిటన్‌లో ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన ప్రకారం పిల్లలున్న కుటుంబాలకు లండన్ వెలుపల ఇది ఏడాదికి 22,020 పౌండ్లు. వారానికి 16 గంటలు కనీస వేతనంపై పనిచేసినంత ఆదాయం ఉంటే ఈ పరిమితి వర్తించదు.

2025-26లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 16 గంటల చొప్పున ఏడాది వేతనాన్ని 12తో భాగిస్తే నెలకు 846 పౌండ్లు వస్తుంది. ఇదే అర్హత గీత. అదే 16 గంటలు పనిచేసి నాలుగు వారాలకోసారి జీతం తీసుకొనే వ్యక్తికి ఒక్కో జీతం 781.44 పౌండ్లు మాత్రమే. అంటే చట్టం కోరినన్ని గంటలూ పనిచేసినా 12 మదింపు కాలాల్లో 11 సార్లు ఆ వ్యక్తి గీతకు దిగువనే ఉండిపోతాడు. రెండు జీతాలు పడిన ఒక్క నెలలోనే గీత దాటుతాడు.

ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఒక తల్లి వేసిన కేసులో 2020 జులైలో హైకోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం అప్పీలు చేయగా 2021 అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఈ ఫలితం కఠినంగా కనిపించినా, చట్టవిరుద్ధమనేంత హేతురాహిత్యం లేదని అభిప్రాయపడింది. దీంతో నెలజీతగాళ్లకు ఒక న్యాయం, నాలుగు వారాల జీతగాళ్లకు మరొక న్యాయం అన్నట్లుగా పరిస్థితి స్థిరపడింది.

ముడిపడిన ఇతర రాయితీలు

సాయం మొత్తంతో పాటు మరికొన్ని రాయితీలూ జీతం తేదీపై ఆధారపడి ఉంటాయి. ఇంగ్లండ్‌లో డాక్టరు రాసిచ్చిన మందులకు రుసుం చెల్లించాలి. యూనివర్సల్ క్రెడిట్ పొందే కుటుంబంలో పిల్లలుంటే, గత మదింపు కాలంలో చేతికందిన జీతం 935 పౌండ్లకు మించనప్పుడు ఈ మందులు, దంతవైద్యం ఉచితం. పిల్లలు లేనివారికి ఈ హద్దు 435 పౌండ్లు. నెలకు 800 పౌండ్లు సంపాదించే తల్లికి రెండు జీతాలు ఒకే కాలంలో పడితే 1600 పౌండ్లు నమోదై, ఉచిత అర్హత తాత్కాలికంగా పోతుంది. అది తెలియక ఫారంపై ఉచితమని గుర్తుపెట్టినవారికి 100 పౌండ్ల వరకు జరిమానా పడే అవకాశముంది.

పాఠశాల భోజనం విషయంలో మాత్రం కొంత మెరుగైన పద్ధతి పాటించారు. ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి ఏడాదికి 7400 పౌండ్ల ఆదాయ పరిమితిని విధించినప్పుడు, ఒక మదింపు కాలంలో దాటితే గత మూడు కాలాల ఆదాయాన్ని కలిపి చూసే వెసులుబాటు కల్పించారు. ఆదాయాన్ని సగటున కొలవడం అసాధ్యం కాదనడానికి ఇది నిదర్శనం. యూనివర్సల్ క్రెడిట్ పొందే కుటుంబాల పిల్లలందరికీ 2026 సెప్టెంబరు నుంచి ఉచిత భోజనం అందిస్తామని ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది.

స్థానిక సంస్థలు విధించే కౌన్సిల్ పన్నులో పేదలకు ఇచ్చే తగ్గింపు కూడా పలుచోట్ల ఈ లెక్కలతో ముడిపడి ఉంది. సాయం మారినప్పుడల్లా పన్ను బిల్లు సవరించి పంపడంతో, ఏడాదిలో పలు బిల్లులు అందుకొని ఎంత కట్టాలో తెలియక తికమకపడే కుటుంబాలున్నాయి.

క్రిస్మస్ ముందు జీతాలు

డిసెంబరులో పలు సంస్థలు క్రిస్మస్‌కు ముందే జీతాలు ఇవ్వడం ఆనవాయితీ. దీనివల్ల డిసెంబరు మదింపు కాలంలో రెండు జీతాలు నమోదయ్యే ప్రమాదముంది. ముందుగా చెల్లించినా, నివేదికలో మామూలు జీతం తేదీనే చూపాలని పన్నుల శాఖ యజమానులకు సూచిస్తోంది. యజమాని ఈ సూచన పాటిస్తే ఉద్యోగి సాయానికి ఎలాంటి ఢోకా ఉండదు. లెక్కల విభాగంలో ఒక తేదీ సరిగా నమోదుచేయడంపై ఒక కుటుంబం జనవరి నెల గడవడం ఆధారపడి ఉంటుందన్నమాట.

తెలుగువారిలో ఎవరికి వర్తిస్తుంది

విద్యార్థి వీసాపై, నైపుణ్య ఉద్యోగ వీసాపై బ్రిటన్ వెళ్లినవారికి ప్రభుత్వ నిధుల సాయం పొందరాదన్న షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్ ఆ నిషిద్ధ జాబితాలోనిదే. కాబట్టి చదువుకొంటూ వారానికి కొన్ని గంటలు దుకాణాల్లో పనిచేసే తెలుగు విద్యార్థులకు ఈ పథకం వర్తించదు. షరతును ఉల్లంఘించి దరఖాస్తు చేస్తే వీసాకే ముప్పు వాటిల్లవచ్చు. శాశ్వత నివాస అనుమతి పొందినవారు, ఆ దేశ పౌరులుగా మారినవారు ఆదాయం తదితర అర్హతలు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ స్థిరపడి చిన్న జీతాలపై కుటుంబం నడుపుతున్నవారు, ఉద్యోగం కోల్పోయినవారు ఈ నిబంధనలు తెలుసుకోవడం మేలు.

ఇబ్బంది ఎదురైతే

ఈ సాయం పొందే కుటుంబాలు ముందుగా తమ మదింపు కాలం ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో గుర్తుంచుకోవాలి. ఆ వివరం ప్రతి నెలా ఇచ్చే లెక్కల పత్రంలో ఉంటుంది. జీతం తేదీ మదింపు కాలం మొదటి రోజుకో, చివరి రోజుకో దగ్గరగా ఉన్నవారు క్యాలెండరులో సెలవులను ముందే చూసుకోవాలి.

నెలజీతగాళ్లకు ఒకే కాలంలో రెండు జీతాలు నమోదైతే ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్ ద్వారా శాఖకు తెలిపి, ఒక జీతాన్ని వేరే కాలానికి మార్చాలని కోరాలి. యజమాని తేదీని గానీ, మొత్తాన్ని గానీ తప్పుగా నివేదించినా అభ్యంతరం తెలపవచ్చు. జీతం పత్రాలు, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర ఉంచుకోవడం అవసరం. శాఖ నిరాకరిస్తే నిర్ణయం వెలువడిన నెలలోగా పునఃపరిశీలన కోరాలి. అక్కడా న్యాయం జరగకపోతే ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకొనే హక్కుంది.

నాలుగు వారాల జీతగాళ్లకు ఈ దిద్దుబాటు లేదు కనుక, రెండు జీతాలు పడే నెలను ముందే గుర్తించి అందులో కొంత పక్కన పెట్టుకోవడమే మార్గం. సాయం సున్నాకు చేరిన కుటుంబం తర్వాతి నెలలో మళ్లీ దరఖాస్తు చేయవలసి రావచ్చు. ఆ విషయం గుర్తించకపోతే ఒక నెలతో పోవలసిన ఇబ్బంది మరిన్ని నెలలు కొనసాగుతుంది.

స్కాట్లాండ్‌లో కోరుకొన్నవారికి నెలకు రెండుసార్లు సాయం చెల్లించే వెసులుబాటు 2017 నుంచి ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లో నెలకు రెండు విడతల చెల్లింపే సాధారణ పద్ధతి. ఇవి ఇంటి ఖర్చు సర్దుకోవడానికి తోడ్పడుతున్నాయి. అయితే జీతాన్ని కొలిచే గడువు అక్కడ కూడా నెలే కావడంతో మూల సమస్య అలాగే ఉంది.